మైకు ఆపుకున్న సాక్షి

రైలు సింగపూర్ తూర్పు కొసనున్న పాసిర్ రిస్‌లోనే మొదలవుతుంది కాబట్టి సీటుకి ఢోకా లేదు. ఊరి చివర ఫ్లాట్ కొనడానికి మొగుడు హరికృష్ణ ఏకరువు పెట్టిన కారణాల్లో ఇన్నేళ్ళకి నిజమని తేలింది ఇదొక్కటేనని రోజూ అనుకున్నట్టే ఇవాళా అనుకుంటూ సుచిత్ర తలుపు పక్క సీట్లో కూలబడింది, ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి ఇంకాస్త నొక్కుకుంది, కోర్టు విచారణ వస్తున్న ఫోను తెర అడుగున ఉన్న బొమ్మల్ని మళ్ళీ చూసుకుంది. మైకు మీద అడ్డగీత ఉంది. కెమెరా మీద అడ్డగీత ఉంది. ఇంటి దగ్గర లిఫ్టులో చూసుకుంది, స్టేషన్ మెట్ల మీద చూసుకుంది, అయినా చూసుకోకుండా ఉండలేకపోతోంది, ఎందుకంటే వేలు జారి తన గొంతు మెల్‌బోర్న్ కోర్టు హాల్లో మోగిందంటే ఏమవుతుందో తెలీదు, చెల్లెలి కేసు పాడవుతుందేమో, పాడవడానికి ఇంకా ఏం మిగిలింది గనక అని కూడా ఒక పక్క. నవత, నవత మొగుడు పృథ్వీ, వాళ్ళ చంటిపిల్ల ఆ దేశంలో తలదాచుకుంటామని అడిగారు. వెనక్కి పంపితే నవత పుట్టింటివాళ్ళే చంపేస్తారని చెప్పుకున్నారు. ప్రభుత్వం కాదంది. దాని మీద అప్పీలు వినే ట్రిబ్యునలూ కాదంది. ఆ కాదనడం చట్టం ప్రకారం చెల్లుతుందా అని చూడమని ఇప్పుడు జడ్జిగారి ముందుకొచ్చారు. చెల్లెలికి అక్కడ పేరు లేదు, కొన్ని అక్షరాలూ కొన్ని అంకెలూ కలిపి పిలుస్తున్నారు, ఇలాంటివాళ్ళ పేర్లు బయటికి పొక్కకూడదని అక్కడి చట్టమట, మంచి చట్టమే. ఇంట్లోనూ దాని పేరు ఎత్తరు, కోర్టులోనూ ఎత్తరు. నవతా అని ఈ లోకంలో నోరారా పిలిచేది ఇంక పృథ్వీ ఒక్కడే కాబోలు, తను పిలవాలన్నా బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఫోను చెవికి ఆనించుకుని పిలవాలి.

టాంపనీస్‌లో జనం తోసుకొచ్చి నిండిపోయారు. ఎవరిదో బ్యాక్‌ప్యాక్ మోకాళ్ళకి గుచ్చుకుంటోంది. పొద్దున కూతురు మహతి బడికి వెళ్తూ ఏదో అడిగింది, వాటర్ బాటిలా, సంతకమా, “మమ్మీ, యూ నాట్ లిజనింగ్ లా!” అని కాళ్ళు నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది, నిజమే, వినలేదు, అప్పటికే ఒక చెవిలో కోర్టు మొదలైపోయింది. ఇప్పుడు ప్రభుత్వం వైపు, మంత్రిగారి తరఫు లాయరు మాట్లాడుతున్నాడు. ఎంత మర్యాదస్తుడో. అరిచి, బల్ల గుద్ది మాట్లాడితే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది, ఇతనేమో పెళ్ళిసంబంధం కుదిర్చే పెద్దమనిషిలాగా ఒక్కో మాటా పట్టి పట్టి అంటున్నాడు. ట్రిబ్యునల్ ఏదీ కొట్టిపారెయ్యలేదు యువరానర్ అంటున్నాడు. భర్త మోటారుసైకిల్ని ట్రాక్టరుతో గుద్దించారన్నది నమ్మింది. కులం తక్కువవాణ్ణి చేసుకుందని కూతురు బతికుండగానే తండ్రి ఆమెకి కర్మ చేశాడన్నదీ నమ్మింది. నమ్మిన మీదటే ఒక నిర్ణయానికొచ్చింది. కర్మ చేశాడంటే ఆమెతో సంబంధం తెంచేసుకున్నాడని అర్థం, తెంచేసుకున్నాక ఆమె ఎక్కడున్నా ఆ ఇంటివాళ్ళకి పట్టదు, ఆ తర్వాత వాళ్ళు వెతికినట్టు గానీ బెదిరించినట్టు గానీ ఎక్కడా లేదు. సింగపూర్ నుంచి ఫోనులో సాక్ష్యమిచ్చిన అక్కగారు కూడా అదే చెప్పారు. చదువుతాను యువరానర్, అని గొంతు సవరించుకున్నాడు. “మా ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తరు. మాకు అది చచ్చిపోయినట్టే.” తన మాటలు తన చెవిలో పరాయి మగగొంతులో, ఏ తడబాటూ లేకుండా, ఎంత శుభ్రంగా ఉన్నాయో. అప్పుడు తను ఏడుస్తూ అంది. ఏడుపు కాగితం మీదికి ఎక్కదు కదా. రైలు సిమెయ్ దాటుతుంటే ఒక విమానం ఇళ్ళ కప్పుల మీదుగా చాంగీ విమానాశ్రయం వైపు దిగుతూ కనిపించింది.

సాక్ష్యమిచ్చిన ఆ రోజు ఆఫీసులో చిన్న మీటింగ్ రూమొకటి ముందుగానే చోప్ చేసుకుని, అంటే ఇక్కడివాళ్ళ భాషలో నాదని పట్టిపెట్టుకుని, హోటల్లో బల్ల మీద పెట్టినట్టు టిష్యూ ప్యాకెట్ పెడితే సరిపోదని కుర్చీ అడ్డం వేసి మరీ కూర్చుంది. అవతల ట్రిబ్యునల్ మెంబరు ఆడమనిషి, జలుబు చేసినట్టుంది, మధ్యమధ్య ఆగి క్షమించమని అడిగేది. ఆ మర్యాదకే సుచిత్రకి ప్రాణం లేచొచ్చింది. ఆడది కదా, అర్థం చేసుకుంటుంది అనుకుంది. కర్మ జరిగిన తర్వాత మీ నాన్నగారు మీ చెల్లెలి గురించి మీతో ఎప్పుడైనా మాట్లాడారా అని అడిగింది ఆవిడ. దీనికోసమే కదా తను పొద్దుట్నుంచీ కాచుకుని కూర్చుంది. లేదండీ, ఎప్పుడూ లేదు, అంది. తిట్టారా? లేదండీ. కోప్పడ్డారా? లేదండీ, అసలు పేరే ఎత్తరు, మాకు అది చచ్చిపోయినట్టే అని ఏడుస్తూనే అంది, ఇంతకంటే పెద్ద రుజువు ఇంకెవరు ఇవ్వగలరు అన్నంత నమ్మకంగా. గుంటూరు జిల్లాలో ఏ ఆడపిల్లని లేపి అడిగినా చెబుతుంది, తిట్టే తండ్రిని చూసి ఎవరూ భయపడరని. ముండా, ముష్టిదానా, నా గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని వీధిలో నిలబడి అరిచేవాడు ఏడాది తిరిగేసరికి మనవణ్ణి చూడాలని బస్సెక్కుతాడు. నాన్న అలా కాదు. నాన్న గట్టు తగాదాలో పక్క చేను ఆసామితో పదేళ్ళు నోరు పారేసుకున్నాడు, ఏమీ కాలేదు, పండక్కి ఒకరికొకరు కూరగాయలు పంపుకునేవాళ్ళు. ఇంకో ఆసామితో ఒకరోజు మాట మానేశాడు. అంతే, మానేశాడు. ఆ ఏడాది ఆ ఆసామి మిరప కళ్ళం తగలబడింది. ఎవరు అంటించారో ఊళ్ళో ఎవరికీ తెలీదు, అందరికీ తెలుసు. నాన్న నోరు మూసుకోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, అందుకే తనూ విడమరచలేదు, తర్వాతి ప్రశ్న కోసం చూస్తూ కూర్చుంది. ఆవిడ తుమ్మింది, క్షమించమంది, చాలా ధన్యవాదాలండీ, మిమ్మల్ని ఇంక అడగాల్సిందేమీ లేదు, అంది. ఫోను ఆగిపోయింది. సుచిత్ర ఇంకాసేపు దాన్ని చెవికే పెట్టుకుని కూర్చుంది, బయట ఎవరో గ్లాసు తలుపు మీద వేలితో కొట్టి, మా టైమైంది అని చెయ్యి చూపించేదాకా.

అడిగి ఉంటే కర్మ నాడు ఊళ్ళో పెరటి కుళాయి దగ్గర విన్న సంగతి చెప్పేది. బెడోక్, కెంబంగన్, ఒక్కో స్టేషనూ వచ్చి పోతోంది, తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, సుచిత్ర మాత్రం ఆ పెరట్లోనే ఉంది. అమ్మ ఫోను చేసి నాన్నకి బాగాలేదు, రా అంటే బయల్దేరింది, బస్టాండు మలుపులో దిగేసరికి నవత ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ, కాలేజీ ఫేర్‌వెల్‌కి పట్టుచీర కట్టుకుని నవ్వుతూ తీయించుకున్న ఫొటో, కింద అశ్రునయనాలతో అని అందరి పేర్లూ, చివర్లో తన పేరు కూడా, పక్కన బ్రాకెట్లో సింగపూర్ అని. సింగపూర్ అని ఉండటం బాబాయికి ముచ్చట. ఫొటో చూసి ఆటో అతను అయ్యో ఎంత చిన్నపిల్లండీ, ఏమైంది అన్నాడు. అప్పటికి నవత హైదరాబాదులో ఎవరో స్నేహితురాలి గదిలో ఇడ్లీ తింటోంది. తెలిసిన పురోహితుడు రానన్నాడు, ఎక్కడి నుంచో తెలియని మనిషిని తెచ్చారు, దర్భలు, నువ్వులు, పిండాలు, ఏదీ తక్కువ చెయ్యలేదు. ఊరంతా భోంచేశారు. నవతతో చింతబద్దలు పంచుకుని తిన్న పిల్లలు వరసలో కూర్చుని గారెలు తిన్నారు. తను వడ్డించింది. ఇంకో రెండు వేసుకోండి పిన్నీ, అని కూడా అంది. ఏం చేస్తుంది, నోరు అలవాటైపోయింది, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని చూస్తే అదే అంటుంది. భోజనాలయ్యాక పెరట్లో కుళాయికి నీళ్ళు రాక బాబాయి చేతులు చాపి నిలబడితే నాన్న చెంబుతో పోస్తున్నాడు. అంట్ల గిన్నె పట్టుకుని తను గుమ్మంలోకి వచ్చింది, వాళ్ళు చూడలేదు. బాబాయి వేళ్ళ సందుల్లో రుద్దుకుంటూ, “కర్మ అయిపోయిందన్నయ్యా. ఇంక శవమే బాకీ” అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆయన చేతిలో చెంబు వణకలేదు, ధార తెగలేదు, అదే వంపున అలాగే పోస్తూ ఉన్నాడు. అయిపోయాక భుజమ్మీది తువ్వాలు తీసి బాబాయికి అందించాడు. ఆ సాయంత్రమే సుచిత్ర నవతకి ఫోను చేసి, ఎంత దూరం పోగలరో అంత దూరం పొండి అంది.

పాయా లేబార్. సగం మంది దిగారు, దిగినంతమందీ ఎక్కారు. చెవిలో నవత తరఫు లాయరమ్మ లేచింది. చిన్నపిల్లలాంటి గొంతు, ఒక్క డాలరు తీసుకోకుండా వాదిస్తోందట, పృథ్వీ ఆవిణ్ణి దేవత అంటాడు. పోరాడుతోంది పాపం. యువరానర్, పేరెత్తకపోవడం అంటే పట్టించుకోకపోవడమే అని ట్రిబ్యునల్ దేని మీద ఆధారపడి అనుకుంది? ఆ సమాజంలో దానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం ఉండొచ్చు కదా, ఆ సాక్షిని ఇంకొక్క ప్రశ్న అడిగితే తెలిసేది కదా, తర్కం లేని నిర్ణయం ఇది, అంటోంది. సుచిత్ర అడుగు, అడుగు అని లోపల గొణుగుతోంది, తన గొణుగుడు సముద్రాలు దాటి వెళ్ళి ఆవిడకి ఊతమిస్తుందన్నట్టు. జడ్జిగారు ముసలాయన, తెరలో ఆయన తలకంటే వెనకున్న పుస్తకాల బీరువా పెద్దగా కనిపిస్తోంది, నిదానంగా అడిగాడు. మీరు చెప్పినట్టు అనుకోవడానికీ వీలుంది, నేను కాదనను. కానీ ట్రిబ్యునల్ అనుకున్నట్టు అనుకోవడానికి అసలు వీలే లేదంటారా? లాయరమ్మ ఆగింది. ఆ ఆగడంలో రైలు అల్జునీడ్ దాకా వచ్చేసింది. ఆ ఆగడంలో కేసు పోయిందని సుచిత్రకి తెలిసిపోయింది, చదువుకున్న మనిషి అలా ఆగిందంటే జవాబు లేదన్నమాట. వీలే లేదనండీ, మా నాన్నని చూస్తే మీరే అంటారు, అని అరవాలనిపించింది. అడ్డగీత ఉంది. అడ్డగీత తీసేసి అరిస్తే? అదీ అడిగింది ఒకసారి, పోయిన నెలలో, లాయరమ్మతోనే. నా దగ్గర చెప్పాల్సింది ఉందండీ, ఇప్పుడు చెబుతాను, కుళాయి దగ్గర మా బాబాయి ఇలా అన్నాడు, అని.  ఆవిడ చాలా మెల్లగా, ఆసుపత్రిలో మాట్లాడినట్టు చెప్పింది. ఈ కోర్టు కొత్త సాక్ష్యం వినదండీ. మీ చెల్లెలికి ప్రమాదం ఉందా లేదా అన్నది ఈ కోర్టు పని కాదు. ఉన్న కాగితాలతో ట్రిబ్యునల్ చట్టం తప్పిందా లేదా, అంతవరకే. ఆ మాట అప్పుడు ఆ కాగితాల్లో ఉండి ఉంటే దాన్ని పట్టుకుని గెలిచేవాళ్ళమేమో, అంది. గెలిచేవాళ్ళం అన్న ముక్క అనకుండా ఉండాల్సింది. సుచిత్రకి ఆ నెలంతా అన్నం సహించలేదు, అందరికీ డైటింగ్ అని చెప్పింది.

కల్లాంగ్ దాటాక రైలు నేల కిందికి దిగింది. అద్దంలో బయటి లోకం పోయి తన మొహం వచ్చింది, పక్కన నలుగురు మొహాలు, అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు, తనలాగే, ఎవరి చెవిలో ఏ కోర్టు నడుస్తోందో ఎవరికి తెలుసు. జడ్జిగారు కాసేపట్లో వస్తానని లేచి లోపలికి వెళ్ళాడు, తెర మీద ఖాళీ కుర్చీ, పుస్తకాల బీరువా. ఇలాంటప్పుడు హరికృష్ణకి ఫోను చేసి ఏడవాలి. మొగుళ్ళు ఉన్నది అందుకే కదా. కానీ హరికృష్ణ తను ట్రిబ్యునల్‌తో మాట్లాడిన సంగతి తెలిసిన రోజునే అన్నాడు, “నీకు చెల్లెలే సుచీ, కాదన్నానా? కానీ మనకీ ఒక పిల్లుంది. సిటిజన్‌షిప్‌కి పెట్టుకుని ఉన్నాం. రేపు మావయ్యగారికి తెలిస్తే నీ పేరుతో ఇంకో ఫ్లెక్సీ వేయిస్తారు.” నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడైతే పోట్లాడటం సులువుగా ఉండేది. చెడ్డవాడు కాదు. నవత పెళ్ళి వార్త విని ముందు మంచి పని చేసింది అన్నవాడే, తర్వాత ట్రాక్టరు సంగతి విని గొంతు తగ్గించేశాడు, ఆ రోజు నుంచీ ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే టీవీ సౌండు పెంచుతాడు. భయస్తుడితో కాపరం చెయ్యచ్చు గానీ భయస్తుడి భుజం మీద తల పెట్టి ఏడవలేం, మన భుజమే ఆయనకి కావాలి. నవత ఒకసారి అడిగింది, “అక్కా, పోనీ నీ దగ్గరికి వచ్చెయ్యనా? అక్కడైతే నువ్వుంటావు కదా” అని. అడిగేసి తనే నవ్వేసింది, అడిగింది అక్క తలకి చుట్టుకుంటుందేమోనని. సుచిత్ర ఆ రాత్రి వెతికింది. ఈ దేశంలో అన్నిటికీ కౌంటరు ఉంది, కుక్కపిల్లని తెచ్చుకోవడానికీ, బాల్కనీలో కిటికీ మార్చుకోవడానికీ ఉంది, మా వాళ్ళు మమ్మల్ని చంపుతారు, ఉండనిస్తారా అని అడగడానికి మాత్రం కౌంటరు లేదు. చుట్టపుచూపుగా వచ్చి పోవచ్చు. చుట్టాలే కదా, వచ్చి నాలుగురోజులుండి పోతారు, ఎక్కడికి పోతారని ఎవరూ అడగరు.

చుట్టపుచూపుగా వచ్చారు కూడా, మెల్‌బోర్న్ వెళ్తూ, విమానానికీ విమానానికీ మధ్య. టాంపనీస్ మాల్‌కి వెళ్ళొస్తానని ఇంట్లో చెప్పి చాంగీకి వెళ్ళింది. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం, విమానాశ్రయం కుర్చీల్లో కూర్చుని ముగ్గురూ డబ్బాల మూతల్లో పెట్టుకుని తిన్నారు. పృథ్వీ కాలు ఇంకా ఈడుస్తున్నాడు, ట్రాక్టరు తగిలిన కాలు, అది కనబడకుండా బ్యాగు పక్కన పెట్టుకుని, “వదినా, పచ్చడి అదిరింది” అని ఒకటే పొగడ్త. నవత అక్క చీర కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చుంది, చిన్నప్పుడు సైకిల్ వెనక కూర్చున్నప్పుడు పట్టుకున్నట్టే, వదల్లేదు, గేటు దాకా వదల్లేదు. వెళ్ళేముందు ఒకటే అడిగింది, నాన్న నిజంగా పిండం పెట్టాడా అక్కా, తన చేత్తోనే పెట్టాడా, అని. సుచిత్ర అవునని చెప్పలేకపోయింది, నేను చూడలేదే, వంటింట్లో ఉన్నాను, అంది. నవత నమ్మినట్టు తలూపింది. ఇద్దరికీ తెలుసు. రాఫెల్స్ ప్లేస్‌లో సూట్లూ టైలూ అన్నీ ఖాళీ అయిపోయాయి, ఉన్నట్టుండి రైలు చల్లబడింది, ఏసీ నేరుగా మెడ మీద కొడుతోంది.

టియోంగ్ బారూ దాటాక పైకి వచ్చింది రైలు, ఎండ మొహం మీద పడింది, అప్పుడే జడ్జిగారు వచ్చి కూర్చున్నాడు. నిర్ణయం ఇప్పుడే చెబుతాను అన్నాడు. గొంతులో కాఠిన్యం లేదు. అదే ఇంకా భరించరానిదిగా ఉంది. ఈ కేసులోని వాస్తవాలు మనసుని కలచివేసేవి అన్నాడు. నేను ట్రిబ్యునల్ కుర్చీలో ఉంటే వేరే నిర్ణయానికి వచ్చేవాణ్ణేమో, ఆ కుర్చీలో కూర్చునే అధికారం మాత్రం చట్టం నాకివ్వలేదు అన్నాడు. సాక్షి అయిన అక్క మాటలకి ట్రిబ్యునల్ తీసుకున్న అర్థం, తీసుకోవడానికి వీలున్న అర్థమే అన్నాడు. ఇంకో ప్రశ్న అడిగి తీరాలన్న విధి ట్రిబ్యునల్‌కి లేదు అన్నాడు. సుచిత్ర ఒక్కో వాక్యం దగ్గరా కానీ అన్న మాట కోసం ఎదురుచూసింది, ఇంత మంచిగా మాట్లాడే మనిషి చివర్లో ఒక్క కానీ అనకపోతాడా అని. అనలేదు. కేసు కొట్టేశాను, అన్నాడు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది, వెనక ఎక్కడో ఒక చంటిపిల్ల ఒక్కసారి కేక పెట్టింది, భయంతో కాదు, ఆటకి, పిల్లలు పెద్ద గదుల్లో తమ గొంతు ఎంత దూరం పోతుందో చూసుకోవడానికి పెట్టే కేక. ఆ తర్వాత తెర నల్లబడిపోయింది. పైకోర్టు అంటూ ఒకటుంది, కానీ అక్కడా చూసేది ఇంతేనని లాయరమ్మ ముందే చెప్పింది, వేసుకున్నా ఈడ్చుకోవడమేనని. కొద్ది వారాల్లో సర్దుకోవాలి. ఎక్కడికి సర్దుకుంటారు. హైదరాబాదులో ఉండొచ్చు కదా, ఢిల్లీలో ఉండొచ్చు కదా అని ట్రిబ్యునల్ రాసింది, మనదేశం పెద్దదని ఆవిడ నమ్మకం.

ఏడుస్తున్నానని సుచిత్రకి పక్కన కూర్చున్న చైనీస్ ఆంటీ టిష్యూ ప్యాకెట్ ఒళ్ళో పెట్టేదాకా తెలియలేదు. “గర్ల్, యూ ఓకే ఆర్ నాట్?” అంది ఆంటీ. “ఓకే ఆంటీ, సైనస్” అంది సుచిత్ర. ఆంటీ నమ్మలేదు, “మస్ట్ ఈట్ సమ్‌థింగ్ ఫస్ట్, దెన్ క్రై” అని భుజం తట్టి క్వీన్స్‌టౌన్‌లో దిగిపోయింది, ప్యాకెట్ వెనక్కి తీసుకోకుండానే. నవత నుంచి ఒక్క మాట వచ్చింది, తర్వాత మాట్లాడతానక్కా అని. ఏం మాట్లాడతారు. తను చెప్పిన రెండు వాక్యాలు పట్టుకుని మూడు ప్రాణాల్ని వెనక్కి తోలుతున్నారు, నిజం చెప్పి కూడా ఇలా అయ్యిందంటే అబద్ధం ఎలా చెప్పాలో ముందే నేర్చుకోవాల్సింది. నాన్న రోజూ తిడుతున్నాడండీ, కత్తి పట్టుకుని తిరుగుతున్నాడండీ అని చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు, కత్తి అందరికీ అర్థమవుతుంది. ఇంకో దేశం ఏదైనా ఉందేమో, పృథ్వీ చదువుకి, నవత ఉద్యోగానికి, ఎక్కడైనా, కెనడా, దుబాయి, ఎక్కడైనా సరే, కానీ ఒకచోట కాదన్నారని తెలిసాక ఇంకోచోట రానిస్తారా, సుచిత్ర ఒక్కో దేశం పేరూ అనుకోవడం, వదిలెయ్యడం, కామన్‌వెల్త్, బోనా విస్తా, డోవర్, తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, ఆఖరికి దేశాలు అయిపోయి క్లెమెంటి వచ్చింది.

ప్లాట్‌ఫాం మీద దిగి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆఫీసుకి పోవాలి. ఫోను మోగితే నవత అనుకుని చూడకుండానే ఎత్తింది. నాన్న. రోజూ ఈ వేళకే వీడియో కాల్ చేస్తాడు, కాఫీ తాగుతూ పెద్దకూతురి మొహం చూడకపోతే ఆయనకి తెల్లారదు. వరండాలో కూర్చున్నాడు, వెనక గుమ్మం పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

“ఏమ్మా సుచీ, దిగావా రైలు? కళ్ళేంటి అట్టా ఉన్నాయి?”

“ఏసీ నాన్నా. పడట్లేదు.”

“ఆవిరి పట్టమ్మా. నీళ్ళలో కాస్త పసుపేసుకో” అన్నాడు. ఈ ప్రేమ నిజం. ఇందులో ఇసుమంత నటన లేదు, అదే కదా ఎవరికీ చెప్పలేనిది. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, మూతి తుడుచుకుని అన్నాడు, “చిన్నదానికి ఓ మాట చెప్పమ్మా. పొమ్మన్నవాళ్ళ దేశంలో పట్టుకుని వేళ్ళాడాల్సిన ఖర్మ దానికేంటి? అయిందేదో అయింది. నవతని ఇంటికొచ్చెయ్యమను.”

నవత అన్నాడు. కర్మ నాటి నుంచీ ఆ నోట్లోంచి రాని పేరు, ఎంత మామూలుగా, ఎంత మెత్తగా వచ్చిందో. ముందు సుచిత్రకి కలిగింది సంతోషమే, ఒళ్ళంతా పాకిన సంతోషం, నాన్న కరిగాడు, నాన్న పిలుస్తున్నాడు, ట్రిబ్యునలావిడే నిజం, జడ్జిగారే నిజం, తనే ఇన్నాళ్ళూ కన్నతండ్రిని పిశాచిని చేసి ఊహించుకుంది. నోరు తెరిచి నాన్నా అనబోయింది.

“మెల్‌బోర్న్‌లో సంగతులు తెలీవనుకున్నావా? మనవాళ్ళు లేని ఊరెక్కడుందమ్మా” అని నవ్వాడు నాన్న. “పాపకి నడకొచ్చిందంట కదా. ముద్దుగా ఉంటదంట.”

పాప పుట్టిందని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పలేదు. వెనక గుమ్మంలో అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నాన్న తల మీదుగా ఫోనులోకి, తిన్నగా కూతురి కళ్ళలోకి చూస్తూ, ఆయనకి చప్పుడు కాకుండా, వద్దని తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది.

“ఏమ్మా, పలకవే? చెప్తావుగా?” అన్నాడు నాన్న.

“చెప్తాను నాన్నా” అంది సుచిత్ర. అమ్మ ఇంకా తల ఊపుతూనే ఉంది.